నానక్‌రాంగూడలో ఉద్యోగం, పది వేల లోపు అద్దె: ఎక్కడ వెతకాలి?

స్వప్న_ఖమ్మం

అందరికీ నమస్కారం. నేను స్టాఫ్ నర్సుని, ఇన్నాళ్లూ ఖమ్మంలోనే చేశాను. మే నుంచి హైదరాబాద్‌లో, నానక్‌రాంగూడ దగ్గర ఒక ఆసుపత్రిలో చేరాలి. చేతికి 31 వేలు వస్తాయి. మా ఆయన ఏసీ మెకానిక్. ఆయనకు అక్కడ పని దొరుకుతుంది, కానీ నలుగురూ పరిచయమయ్యేదాకా ఇల్లు నా జీతం మీదే నడవాలి. బాబు జూన్‌లో మూడో తరగతికి వెళ్తాడు.

మాకు మూడు షిఫ్టులు. పొద్దున 8 నుంచి 2, మధ్యాహ్నం 2 నుంచి రాత్రి 8, నైట్ పడితే రాత్రి 8 నుంచి మర్నాడు పొద్దున 8 దాకా. బండి ఒకటే ఉంది, అది మా ఆయన పనికి కావాలి.

యాప్‌లలో చూస్తే గచ్చిబౌలిలో సింగిల్ బెడ్‌రూమ్ 18 వేలు, 20 వేలు అని ఉంది. అంత అద్దెకే పోతే మేం తినేదేమిటి? పది వేల లోపు కావాలి, మరీ తప్పకపోతే పదకొండు. బంధువుల్లో ఒకరు ఉప్పల్ చూసుకో, మెట్రో ఉంది కదా అన్నారు. ఇంకొకరు లింగంపల్లి అన్నారు. ఎటు వైపు వెతకాలో తెలియక టెన్షన్‌గా ఉంది. అక్కడ ఉంటున్నవాళ్లు చెప్పండి.

గోదావరి_కుర్రాడు

మీ బంధువులు చెప్పింది నిజమే అక్కా, ఉప్పల్ వైపు చూడండి. నేను హబ్సిగూడలో ఉంటాను, ఆఫీసు రాయదుర్గం మెట్రో స్టేషన్ పక్కనే. నాగోల్–రాయదుర్గం లైను మా ఇంటి దగ్గర ఎక్కితే మారే పని లేదు, నేరుగా దిగడమే. సింగిల్ బెడ్‌రూమ్‌కి 8,500 ఇస్తున్నాను, మంజీరా నీళ్లు, అంటే ప్రభుత్వ కుళాయి నీళ్లు, వస్తాయి. ఇదే ఇల్లు కొండాపూర్‌లో అయితే 16 వేలకు తక్కువ రాదు. 2025 మేలో మెట్రో చార్జీలు పెంచాక నెల ఖర్చు కాస్త పెరిగిన మాట నిజం. అయినా అద్దెలో మిగిలేదాని ముందు అది తక్కువే. వాన పడ్డా ట్రాఫిక్ గొడవ లేదు, ఏసీలో కూర్చుని వెళ్లొచ్చు.

మేరీ_సిస్టర్

తమ్ముడూ, నీ ఆఫీసు స్టేషన్ పక్కన ఉంది కాబట్టి నీకు కుదిరింది. ఈ అమ్మాయిది నానక్‌రాంగూడ. మెట్రో రాయదుర్గంలోనే ఆగిపోతుంది, అక్కడి నుంచి ఇంకో ఆరేడు కిలోమీటర్లు పోవాలి. ఆటో మాట్లాడుకుంటే రోజూ వంద దాకా అవుతుంది. షేర్ ఆటో కోసం నిలబడితే టైమ్ పోతుంది.

స్వప్నా, నేనూ నర్సునే. ఈ వైపు ఆసుపత్రుల్లో చాలా ఏళ్లుగా చేస్తున్నాను. ఖమ్మంలో ఎలా ఉండేదో కానీ, ఇక్కడ 8 గంటలకు డ్యూటీ అయిపోయిందని 8కి బయటపడలేవు. పేషంట్ దగ్గరే నిలబడి ఒక్కొక్కరి హ్యాండోవర్ ఇవ్వాలి. ఏ డ్రిప్ ఎంత వెళ్లింది, ఏ ఇంజెక్షన్ ఎన్నింటికి ఇచ్చాం, ఏ రిపోర్టు రావాలి అన్నీ చెప్పి, తాళం వేసే మందుల లెక్క అప్పజెప్పి, సంతకం పెట్టేసరికి ముప్పావు గంట పడుతుంది. నైట్ చేసి పొద్దున 8:45కి బయటికొచ్చి, అక్కడి నుంచి ఉప్పల్ చేరేది ఎప్పుడు? వంట చేసి పడుకునేది ఎప్పుడు? మళ్లీ సాయంత్రం ఆరింటికే బయలుదేరాలి. వరసగా నైట్లు పడ్డప్పుడు మధ్యలో నిద్ర నాలుగు గంటలు కూడా ఉండదు. అలా నిద్రలేక ఒళ్లు పాడు చేసుకున్న పిల్లల్ని చాలామందిని చూశాను. నిద్రమత్తులో మందు డోసు లెక్క తప్పితే అవతల ఒక ప్రాణం పోతుంది.

నా మాట విని నానక్‌రాంగూడ పాత ఊరు, గౌలిదొడ్డి, ఖాజాగూడ, గచ్చిబౌలి అంజయ్యనగర్, ఈ నాలుగు చోట్లా వెతుకు. అద్దాల మేడల వెనకాలే పాత ఊళ్లున్నాయి. సెక్యూరిటీ గార్డులు, హౌస్‌కీపింగ్ వాళ్లు, క్యాబ్ డ్రైవర్లు, మా నర్సులు అందరం ఉండేది అక్కడే. రెండు గదులు, వంటిల్లు ఉన్న పోర్షన్ 9 వేలకు, 10 వేలకు ఇప్పటికీ దొరుకుతుంది. ఆ ఇళ్లు యాప్‌లలో కనపడవు. గేటుకి టులెట్ బోర్డు వేలాడుతుంది, లేదా కిరాణా కొట్టతను చెప్తాడు.

చందానగర్_టీచర్

మేరీగారితో సగం ఒప్పుకుంటాను. ఉప్పల్ వద్దు. కానీ బాబు ఉన్నాడు కదా, ఆ వైపు ప్రైవేటు స్కూలు ఫీజులు వింటే గుండె ఆగుతుంది. లింగంపల్లి, చందానగర్, హఫీజ్‌పేట వైపు మామూలు జీతాల వాళ్లు చదివించుకోగలిగే బడ్జెట్ స్కూళ్లు చాలా ఉన్నాయి. సింగిల్ బెడ్‌రూమ్ 9 నుంచి 11 వేల మధ్య దొరుకుతుంది, అదీ గాలి వెలుతురు ఉన్న ఇల్లు. కూరగాయలు, సరుకులు కూడా గచ్చిబౌలి ధరల్లో ఉండవు.

లింగంపల్లి నుంచి నల్లగండ్ల, గోపనపల్లి, గౌలిదొడ్డి మీదుగా విప్రో సర్కిల్ వైపు రోడ్డుంది. గచ్చిబౌలి జంక్షన్ ట్రాఫిక్‌లో ఇరుక్కునే పని లేదు. పైగా మీది ఖమ్మం కాబట్టి ఆధార్ తెలంగాణదే ఉంటుంది. ఆడవాళ్లకి ఉచిత బస్సు ఇచ్చే మహాలక్ష్మి పథకం కింద ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో జీరో టికెట్టే, రానూ పోనూ రూపాయి ఖర్చుండదు. మీవారికి కూడా ఈ వైపు అపార్ట్‌మెంట్లు ఎక్కువ, ఎండాకాలం ఏసీ సర్వీసులకు కొదవుండదు. లింగంపల్లిలో ఎంఎంటీఎస్ లోకల్ రైలు ఎక్కితే బేగంపేట, నాంపల్లి దాకా పది పదిహేను రూపాయల్లో వెళ్లొచ్చు.

మేరీ_సిస్టర్

టీచర్‌గారూ, పొద్దున షిఫ్టుకి మీరు చెప్పింది బాగానే ఉంది. మధ్యాహ్నం షిఫ్టు చేసి రాత్రి తొమ్మిదింటికి బయటికొస్తే గోపనపల్లి వైపు బస్సు కోసం ఎంతసేపు నిలబడాలి? ఆ రోడ్డు మధ్యలో ఖాళీ జాగాలు కూడా ఉన్నాయి.

స్వప్నా, చేరే ముందే హెచ్‌ఆర్ వాళ్లని ఒక మాట అడుగు. నైట్ స్టాఫ్‌కి పికప్, డ్రాప్ ఇస్తారా, ఇస్తే ఎన్ని కిలోమీటర్ల దాకా అని. కొన్ని ఆసుపత్రులు లింగంపల్లి దాకా బండి వేస్తాయి, కొన్ని అసలు వేయవు. ఆ జవాబు తెలియకుండా ఇల్లు చూడొద్దు.

సలీం_టోలిచౌకి

నేను క్యాబ్ నడుపుతాను, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ రోజూ తిరిగే చోటే. పొద్దున 8 లోపు డ్యూటీ ఎక్కేవాళ్లకు ట్రాఫిక్ పెద్ద సమస్య కాదు చెల్లెమ్మా, ఐటీ వాళ్ల రద్దీ 9 దాటాకే. నీకు ఇబ్బంది మధ్యాహ్నం షిఫ్టు దిగేటప్పుడు. సాయంత్రం 6 నుంచి 9 దాకా విప్రో సర్కిల్, ఖాజాగూడ, బయోడైవర్సిటీ మూడూ జామే. వాన పడితే చెప్పక్కర్లేదు, అరగంట దారి గంటన్నర అవుతుంది. నడిచి వెళ్లే దూరంలో ఇల్లు ఉంటే ఇవేవీ నీకు అంటవు.

మా వైపు, అంటే షేక్‌పేట, టోలిచౌకిలో అద్దెలు కొంచెం నయం. 2022లో షేక్‌పేట ఫ్లైఓవర్ తెరిచాక గచ్చిబౌలి త్వరగా చేరుతున్నాం. ఒక్క జాగ్రత్త. 2020 అక్టోబర్ వరదల్లో నదీమ్ కాలనీ రోజుల తరబడి నీళ్లలో ఉంది. పల్లంలో గ్రౌండ్ ఫ్లోర్ ఎవరు ఎంత తక్కువకి ఇస్తామన్నా తీసుకోవద్దు. గోడ మీద నీటి గీత ఉందేమో చూడు. సున్నం వేసి కప్పేసి ఉంటే పక్కింటివాళ్లని అడుగు, నిజం చెప్తారు.

గోదావరి_కుర్రాడు

మేరీగారూ, నైట్ షిఫ్టు సంగతి మీరు చెప్పాక అర్థమైంది. ఉప్పల్ సలహా ఈ అక్కకి పనికిరాదు. రాయదుర్గం, హైటెక్ సిటీ, అమీర్‌పేట స్టేషన్ల దగ్గర పగటి ఉద్యోగం చేసేవాళ్లు మాత్రం తార్నాక, హబ్సిగూడ, ఉప్పల్ తప్పకుండా చూడండి.

లత_విజయనగరం

స్వప్నగారూ, ముందు మీరొక్కరే రండి. స్కూళ్లు జూన్ 12న కదా తెరిచేది, అప్పటిదాకా బాబు, మీవారు ఖమ్మంలోనే ఉండనివ్వండి. మీరు ఒక నెల గచ్చిబౌలిలో లేడీస్ హాస్టల్‌లో ఉండండి. ముగ్గురుండే గది, మూడు పూటలా తిండితో ఏడెనిమిది వేలకు వస్తుంది. అడ్వాన్సు వెయ్యో రెండు వేలో తీసుకుంటారు. హాస్టల్‌లో ఉంటూ సెలవు రోజుల్లో, డ్యూటీ అయ్యాక చుట్టుపక్కల గల్లీలు తిరిగి చూసుకోండి. ఖమ్మంలో కూర్చుని ఫోన్లో ఇల్లు ఖాయం చేసుకోవద్దు, దయచేసి.

ఎందుకు చెప్తున్నానంటే మోసాలు అంతగా ఉన్నాయి. మా హాస్టల్‌లో ఒక అమ్మాయికి జరిగింది చెప్తాను. ఆన్‌లైన్‌లో మంచి ఫ్లాటు, మంచి ఫొటోలు, గచ్చిబౌలిలో 9 వేలు. ఫోన్ చేస్తే అవతలి మనిషి తాను ఆర్మీ ఆఫీసర్‌నని, వేరే రాష్ట్రానికి ట్రాన్స్‌ఫర్ అయిందని చెప్పాడు. ఐడీ కార్డు, ఆధార్ ఫొటోలు కూడా పంపాడు. ఇల్లు చూడాలంటే గేట్ పాస్ చేయించాలి, ముందు 5 వేలు టోకెన్ వేయండి, అద్దెలో తగ్గిస్తాను అన్నాడు. వేసింది. ఆ తర్వాత క్యూఆర్ కోడ్ పంపి, స్కాన్ చేస్తే డబ్బు వెనక్కి వస్తుందన్నాడు. స్కాన్ చేసి పిన్ కొట్టగానే ఇంకో 15 వేలు పోయాయి. డబ్బు మనకు రావడానికి పిన్ కొట్టే పని ఎప్పుడూ ఉండదు, ఇది అందరూ గుర్తుపెట్టుకోండి. అలా పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. ఎంత త్వరగా చేస్తే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ.

బస్సు విషయంలో మీరు అదృష్టవంతులు. మాలాంటి ఆంధ్ర ఆధార్ వాళ్లకి జీరో టికెట్ ఇవ్వరు.

స్వప్న_ఖమ్మం

లతగారూ, హాస్టల్ ఆలోచన చాలా బాగుంది. బాబుని వదిలి నెల రోజులు ఉండాలంటే మనసు ఒప్పుకోవడం లేదు గానీ, అందరం వచ్చి రోడ్డు మీద పడేకన్నా అదే నయం.

హెచ్‌ఆర్‌ని అడిగాను మేరీ అక్కా. డ్రాప్ కొండాపూర్, మణికొండ దాకా మాత్రమేనట. లింగంపల్లి లేదు.

ఇల్లు చూసేటప్పుడు ఏమేం అడగాలి? అడ్వాన్సు ఎంత ఇవ్వాలి? ఖమ్మంలో మాది సొంతిల్లు, అద్దె ఇంటి అలవాటు లేదు.

మణికొండ_ఇంటాయన

నేను ఓనర్‌ని. మణికొండలో నాలుగు పోర్షన్లు అద్దెకిచ్చాను, ప్రస్తుతం ఖాళీ లేవు. ఓనర్ల వైపు నుంచి ఉన్నదున్నట్టు చెప్తాను.

అడ్వాన్సు ఇక్కడ మామూలుగా రెండు నెలలు. మూడు నెలలు అడిగితే రెండుకి బేరమాడండి, చాలామంది ఒప్పుకుంటారు. బ్రోకర్ ద్వారా వస్తే అతనికి ఒక నెల అద్దె ఇవ్వాలి, కొందరు పదిహేను రోజులదే తీసుకుంటారు. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ పేరుతో ఒక నెల అద్దె పట్టుకోవడం అలవాటుగా మారింది. ఏడాది తిరక్కుండానే ఖాళీ చేసినవాళ్ల దగ్గర కూడా పూర్తిగా పట్టుకునేవాళ్లున్నారు. అది అన్యాయమని నా అభిప్రాయం. ఎంత పట్టుకుంటారో అగ్రిమెంట్‌లోనే రాయించుకోండి.

అగ్రిమెంట్ 11 నెలలకు రాస్తారు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఏడాది దాటిన లీజు రిజిస్టర్ చేయించాలి, ఆ ఖర్చు తప్పించుకోవడానికే ఈ 11 నెలలు. అందులో కంగారు పడాల్సిందేమీ లేదు. అద్దె ఎంత, అడ్వాన్సు ఎంత, ఏటా ఎంత పెంచుతారు, ఖాళీ చేయాలంటే ఎన్నాళ్ల ముందు చెప్పాలి, నీళ్ల ట్యాంకర్ డబ్బు ఎవరిది, ఈ అయిదూ కాగితం మీద ఉండాలి. అడ్వాన్సు బ్యాంకు ద్వారానో ఫోన్ ద్వారానో పంపండి, చేతికి ఇవ్వకండి. నోటి మాట మీద నడిచిన చోటే తర్వాత గొడవలొస్తాయి.

నైట్ డ్యూటీ అని ముందే చెప్పండి. రాత్రిళ్లు వెళ్లి పొద్దున వచ్చే ఆడవాళ్లకు ఇల్లు ఇవ్వడానికి వెనకాడే ఓనర్లు ఇప్పటికీ ఉన్నారు. వాళ్లది తప్పుడు ఆలోచన, కానీ చేరాక గేటు తాళం దగ్గర గొడవపడేకన్నా ముందే తేలిపోవడం మంచిది. ఆసుపత్రి ఆఫర్ లెటర్, ఆధార్ జిరాక్సు దగ్గర పెట్టుకోండి. గేటు తాళంచెవి ఒకటి మీకు ఇస్తారా అని తప్పకుండా అడగండి.

సివిల్_శ్రీను

సైట్ ఇంజనీర్‌ని. ఇంటాయన చెప్పనివి నేను చెప్తాను.

ఒకటి, బిల్డింగ్. 2024 నవంబర్‌లో గచ్చిబౌలి సిద్దిఖ్‌నగర్‌లో ఒక అయిదంతస్తుల బిల్డింగ్ పక్కకి ఒరిగింది గుర్తుందా? దాదాపు 50 గజాల స్థలంలో కట్టింది. పక్క స్థలంలో పిల్లర్ల కోసం గోతులు తవ్వేసరికి ఒరిగిపోయింది. జనం కట్టుబట్టలతో బయటికి పరుగెత్తారు, తర్వాత దాన్ని కూల్చేశారు. ఈ వైపు పాత ఊళ్లలో అద్దెలు తక్కువ ఉండటానికి కారణం ఇలాంటి ఇరుకు బిల్డింగులే. అలాగని అన్నీ ప్రమాదం కాదు. స్థలం మరీ చిన్నదై అంతస్తులు అయిదారు ఉంటే వద్దు. పక్కన పునాది తవ్వుతుంటే వద్దు. కింద పిల్లర్ల దగ్గర పెచ్చులూడి ఇనుము కనపడుతుంటే అసలు లోపలికే వెళ్లొద్దు. ఆరు వందల రూపాయలు తక్కువని పిల్లాడితో అలాంటి చోట ఉండకండి.

రెండు, నీళ్లు. మీరు మేలో వస్తున్నారు కాబట్టి ఒక రకంగా మంచిదే. ఈ వైపు బోర్ల సంగతి ఎండాకాలంలోనే తెలుస్తుంది. వానాకాలంలో చూస్తే ప్రతి ఓనరూ నీళ్లకి లోటు లేదనే అంటాడు. ఇంట్లోకి వెళ్లగానే వంటింటి కుళాయి తిప్పండి, తర్వాత బాత్‌రూమ్‌ది. బకెట్ నిండటానికి ఎంతసేపు పడుతుందో చూడండి. మంజీరా కనెక్షన్ ఉందా, ఎన్ని రోజులకోసారి వదులుతారు అని ఓనర్‌ని కాదు, పై అంతస్తులో అద్దెకున్న ఆవిడని అడగండి. కనెక్షన్ ఉంటే జలమండలి నెలకు 20 వేల లీటర్లు ఉచితంగా ఇస్తుంది. అలాంటప్పుడు నీళ్ల బిల్లని నెలకి ఐదారు వందలు అడిగితే ఎందుకని అడగొచ్చు. మీటరు పెట్టి, ఆధార్ లింక్ చేసి ఉంటేనే ఆ ఉచితం వర్తిస్తుంది.

మూడు, చెరువు. 2024లో ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా వచ్చాక చెరువుల ఎఫ్‌టీఎల్‌లో, అంటే చెరువు నిండితే నీళ్లు చేరే హద్దు లోపల, కట్టినవి కూల్చుతున్నారు. అద్దెకుండేవాళ్లకి నష్టపరిహారం ఎవరిస్తారు? చెరువు గట్టుకి ఆనుకుని ఉన్న కొత్త ఇల్లు తక్కువకి వస్తోందంటే ఒకసారి ఆగి ఆలోచించండి.

చందానగర్_టీచర్

కరెంటు మీటరు సంగతి ఎవరూ చెప్పలేదు. మీ పోర్షన్‌కి విడి మీటరు ఉందా, లేక ఓనర్ మీటరు కింద సబ్ మీటరా అని చూడండి. మీకు రేషన్ కార్డు ఉంటే ఇది చాలా ముఖ్యం. గృహజ్యోతి పథకం కింద నెలకు 200 యూనిట్ల దాకా జీరో బిల్లు, 2024 మార్చి నుంచి ఇస్తున్నారు. అద్దెకున్నవాళ్లకి కూడా వర్తిస్తుంది. సబ్ మీటరు అయితే ఆ లాభం పోతుంది, పైగా యూనిట్‌కి పది రూపాయలు లెక్కగట్టే ఓనర్లున్నారు. విడి మీటరు ఉన్న ఇల్లు అయిదు వందలు ఎక్కువైనా చివరికి చవకే.

రేషన్ కూడా అంతే. కార్డు ఖమ్మంలో ఉన్నా ఇక్కడ ఏ షాపులోనైనా వేలిముద్ర వేసి తీసుకోవచ్చు. 2025 నుంచి సన్నబియ్యమే ఇస్తున్నారు, మనిషికి ఆరు కిలోలు.

స్వప్న_ఖమ్మం

హాస్టల్‌లో చేరాను. డ్యూటీ కూడా మొదలైంది. మీరందరూ చెప్పినవి కాగితం మీద రాసుకుని, దగ్గర పెట్టుకుని ఇళ్లు చూస్తున్నాను.

మనసు బాగోలేక రాస్తున్నాను. అంజయ్యనగర్ వైపు ఒక ఇల్లు చాలా నచ్చింది. ఎదురుగా వేపచెట్టు, వంటింట్లో గట్టు, విడి మీటరు. అద్దె 10 వేలు. ఓనర్ భార్య మంచినీళ్లిచ్చి కూర్చోబెట్టింది. మాటల్లో మాటగా "మీరు ఏమోళ్లమ్మా?" అని అడిగింది. చెప్పాను. ఆవిడ లోపలికి వెళ్లి వచ్చి, మా మరిది కొడుక్కి ఇస్తామన్న సంగతి మర్చిపోయామని చెప్పింది. బోర్డు మాత్రం మర్నాడు నేను డ్యూటీకి వెళ్తుంటే గేటుకి అలాగే వేలాడుతోంది. ఆసుపత్రిలో ఎవరి రక్తం ఎవరికి ఎక్కిస్తున్నామో ఎవరూ అడగరు. ఇల్లు దగ్గరికి వచ్చేసరికి ఇది.

సలీం_టోలిచౌకి

చెల్లెమ్మా, నా పేరు చెప్పగానే ఫోన్ పెట్టేసినవాళ్లు ఎందరో. నీ బాధ నాకు తెలుసు. ఆ ఇల్లు రాకపోవడమే మంచిది, అక్కడ రోజూ ఆ చూపుల మధ్య బతకాలి. అందర్నీ ఒకేలా చూసే ఓనర్లు కూడా ఉన్నారు. నేనుంటున్న ఇల్లు ఒక రిటైర్డ్ హెడ్మాస్టర్‌ది. ఆయన నన్ను అడిగిందల్లా పిల్లలు ఏం చదువుతున్నారని మాత్రమే.

మేరీ_సిస్టర్

నేనూ పడ్డాను ఇవన్నీ. ఎక్కువ పోర్షన్లున్న బిల్డింగులు చూడు స్వప్నా, అక్కడ ఓనర్ కింద ఉండడు, వాచ్‌మన్ చూపిస్తాడు, ఇలాంటి ఆరాలు తక్కువ. ఇంకో మాట, మీ వార్డులో ఆయాలను, సెక్యూరిటీ వాళ్లను అడిగావా? ఈ చుట్టుపక్కల ఏ గల్లీలో ఎవరు ఖాళీ చేస్తున్నారో వాళ్లకి తెలిసినంత ఏ బ్రోకర్‌కీ తెలియదు. బోర్డు పెట్టకముందే చెప్తారు.

మణికొండ_ఇంటాయన

ఓనర్‌గా సిగ్గుపడుతున్నానమ్మా. ఇల్లు సరిగ్గా చూసుకుంటారా, అద్దె టైముకి ఇస్తారా, ఇంతకు మించి మాకు అనవసరం. నాకు తెలిసిన ఓనర్లు నానక్‌రాంగూడలో ఇద్దరున్నారు, అడిగి చూస్తాను.

లత_విజయనగరం

స్వప్నగారూ, ఆ వేపచెట్టు ఇల్లు పోతే పోయింది. ఈలోగా ఐటీ కారిడార్‌లో తిరిగేటప్పుడు షీ షటిల్ బస్సులు ఆడవాళ్లకి ఉచితం, ఇళ్లు చూడ్డానికి వెళ్లేటప్పుడు వాడుకోండి. రూట్లు, టైములు మీ ఆసుపత్రి సెక్యూరిటీ దగ్గర కనుక్కోండి. చీకటి పడ్డాక మాత్రం ఒక్కరే ఖాళీ ఇల్లు చూడ్డానికి వెళ్లొద్దు.

స్వప్న_ఖమ్మం

దొరికింది! మేరీ అక్క చెప్పినట్టే మా వార్డు ఆయమ్మ చెప్పింది. నానక్‌రాంగూడ పాత ఊళ్లో, రెండో అంతస్తు. రెండు గదులు, చిన్న వంటిల్లు. అద్దె 9,500, అడ్వాన్సు రెండు నెలలు. బ్రోకర్ లేడు. ఆసుపత్రికి నడిచి వెళ్లొచ్చు. రాత్రి తొమ్మిదింటప్పుడు ఆయమ్మతో కలిసి ఒకసారి నడిచి చూశాను. దారంతా లైట్లున్నాయి, టిఫిన్ బండ్లు, మెడికల్ షాపు తెరిచే ఉన్నాయి.

శ్రీనుగారూ, బిల్డింగ్ మూడంతస్తులే. పిల్లర్లు చూశాను, పెచ్చులేమీ లేవు. ఒక వైపు రోడ్డు, రెండో వైపు పాత పెంకుటిల్లు ఉన్నాయి. కుళాయి తిప్పితే ధార బాగానే వచ్చింది. పై ఇంటావిడ మంజీరా రోజు విడిచి రోజు వస్తుందని, ఏప్రిల్, మేలో రెండు మూడు ట్యాంకర్లు తెప్పించుకుంటామని చెప్పింది. ఆ డబ్బు అన్ని పోర్షన్లూ సమానంగా పంచుకోవాలని అగ్రిమెంట్‌లో రాయించాను. పెయింటింగ్‌కి నెల అద్దె అన్నారు, ఏడాది లోపు ఖాళీ చేస్తే సగమే అని ఒప్పించాను. గేటు తాళంచెవి ఇచ్చారు.

వెలుతురు తక్కువ, పగలు కూడా లైటు వేయాలి. నైట్ చేసి వచ్చి పడుకోవడానికి అది మంచిదేలెండి. మా ఆయన మాత్రం బండి పెట్టడానికి చోటు లేదని గొణుగుతున్నారు.

రెండు సందేహాలు మిగిలాయి. విడి మీటరు ఉంది కానీ పాత అద్దెవాళ్ల రేషన్ కార్డు దానికి లింక్ అయి ఉందట. మాకు గృహజ్యోతి ఎలా? బాబుని ఇక్కడి సర్కారు బడిలో వేద్దామనుకుంటున్నాం, టీసీ ఇప్పుడే తెచ్చుకోవాలా?

చందానగర్_టీచర్

చాలా సంతోషం. పాతవాళ్ల లింక్ తీయించి మీది పెట్టించుకోవాలి. రేషన్ కార్డు, ఆధార్, కరెంటు బిల్లు, అగ్రిమెంట్ జిరాక్సులు తీసుకుని మున్సిపల్ సర్కిల్ ఆఫీసులో ప్రజాపాలన సేవా కేంద్రానికి వెళ్లండి. బిల్లు మీద మీ కనెక్షన్ గుర్తింపు నంబరు, అంటే యూఎస్‌సీ నంబరు ఉంటుంది, ఫారంలో అది తప్పు లేకుండా రాయండి. మారేదాకా ఒకటి రెండు నెలలు మామూలు బిల్లు వస్తే కట్టేయండి, బాకీ పెట్టొద్దు.

టీసీకి తొందర లేదు, అది లేదని సర్కారు బడిలో చేర్చుకోకుండా పంపించరు. కానీ జూన్ మొదటి వారంలో పిల్లల్ని సర్కారు బడుల్లో చేర్పించే బడిబాట జరుగుతుంది, అప్పుడు మీరు స్వయంగా వెళ్లి హెడ్మాస్టర్‌తో మాట్లాడండి. మీ షిఫ్టులు మారుతుంటాయి కాబట్టి బాబుని బడి నుంచి తీసుకెళ్లేది ఎవరో కూడా చెప్పి, మీవారి ఫోన్ నంబరు అక్కడ రాయించండి.

మేరీ_సిస్టర్

బాబుకి మధ్యాహ్నం తోడు కావాలంటే చెప్పు స్వప్నా. మీ గల్లీకి దగ్గర్లోనే మా చెల్లెలు ఉంటుంది, ట్యూషన్ చెప్తుంది. నైట్ ఉన్న వారం అక్కడ కూర్చోబెట్టు, నువ్వు పడుకో.